కొమ్ము విరిచిన చప్పుడు

2023 జనవరి నెలాఖరు. ఆర్మూరులో పెర్కిట్ వైపు పోయే రోడ్డు పక్కన మా ఇల్లు. ముందు గదిలో నా కంప్యూటర్, వెనక కళ్లంలో మా అత్తమ్మ పసుపు. ఆ రోజుల్లో మా దగ్గర ఏ ఇంటికి పోయినా ఉడికిన పసుపు వాసనే. నా కీబోర్డు మీద కూడా పచ్చని వేలిముద్రలు ఉండేవి, ఎంత తుడిచినా పోయేవి కావు.

నేను మెకానికల్ డ్రాఫ్టింగ్ చేస్తాను. అంటే యంత్రాలకు కొలతలతో సహా డ్రాయింగులు గీస్తాను. ఆ డ్రాయింగు చూసుకుని వెల్డరు యంత్రం తయారు చేస్తాడు. పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివి, పెళ్లయి, ఇద్దరు పిల్లల్ని బడికి పంపడం మొదలైన తరవాత ఒక ఫ్రీలాన్స్ సైట్‌లో చేరాను. అదొక పెద్ద అంగడి. పని కావలసిన వాళ్లు బయ్యర్లు, చేసిపెట్టే మాలాంటి వాళ్లు సెల్లర్లు. ఒకరి ముఖం ఒకరు చూసుకునేది ఉండదు, బేరమైనా పంచాయితీ అయినా చాట్ బాక్సులోనే. పని అయ్యాక బయ్యరు స్టార్ చుక్కలు పెట్టి రెండు ముక్కలు రాస్తాడు, దాన్ని రివ్యూ అంటారు. అవే మా పరువు. ఒక్క చెడ్డ రివ్యూ పడితే నెలల తరబడి మన తలుపు తట్టేవాడు ఉండడు.

ప్రొఫైల్ అంటే ఆ అంగట్లో మన బోర్డు. నా బోర్డు మీద ఉన్నది శుద్ధ అబద్ధం. మొదట్లో నిజాయితీగా ఆర్మూరు అని, నా ఫోటో పెట్టి, కొన్ని నెలలు ఎదురుచూశాను. ఎవరూ పలకరించలేదు. ఊరి పేరు చూసే పోతున్నారని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. ఫోటో తీసేసి పళ్లచక్రం బొమ్మ ఒకటి పెట్టాను. హైదరాబాద్ అని రాశాను, పన్నెండు మంది ఇంజినీర్ల టీమ్ అని రాశాను. ఆ తరవాత పనులు రావడం మొదలైంది. బయ్యర్లు నన్ను 'సర్' అని పిలిచేవాళ్లు, నేను 'మా టీమ్ పరిశీలిస్తోంది' అని జవాబిచ్చి పొయ్యి మీద పప్పు చూసి వచ్చేదాన్ని. మా టీమ్ మీటింగులన్నీ నాకూ కుక్కరుకూ మధ్యనే జరిగేవి.

అలాంటప్పుడు ఉగాండా నుంచి గ్రేస్ అనే ఆమె ఆర్డర్ వచ్చింది. ఆమె బడిలో టీచరు. అక్కడ పసుపు పండించే ఆడవాళ్లంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారట, లెక్కాపత్రం ఈమె చూస్తుంది. ఇన్నేళ్లూ పచ్చి పసుపే అమ్మేవాళ్లు. ఆ ఏడు మొదటిసారి ఉడికించి, ఎండబెట్టి, పాలిష్ పట్టి అమ్మాలనుకున్నారు. పాలిష్ డ్రమ్ముకు డ్రాయింగు కావాలని అడిగింది. ఎండిన కొమ్ముల మీద గరుకు పొట్టు ఉంటుంది. జాలీ డ్రమ్ములో పోసి తిప్పితే కొమ్ములు ఒకదానికొకటి రాసుకుని పొట్టు రాలిపోతుంది, లోపలి పసుపు రంగు తేలుతుంది. అంతే యంత్రం.

నాకు నవ్వొచ్చింది. ఇక్కణ్నుంచి ఏర్గట్ల దాకా ఏ ఊరికి పోయినా ఆ డ్రమ్ము తిరుగుతూనే ఉంటుంది. టేపు పట్టుకుని పక్క కళ్లానికి పోయి, తిరిగే డ్రమ్మును ఆపించి కొలతలు తీసుకున్నాను. 'మా టీమ్ ఫీల్డ్ స్టడీ పూర్తి చేసింది' అని గ్రేస్‌కు రాశాను.

ఆమె ఒక ప్రశ్న అడిగింది. డ్రమ్ములో పోసే ముందు పసుపు ఎంత ఎండాలి, మీ వైపు వాళ్లు ఎలా గుర్తుపడతారు అని. జవాబు మా వెనక కళ్లంలో కూర్చుని ఉంది. కానీ హైదరాబాదు కంపెనీకి కళ్లం సంగతులు ఎలా తెలుస్తాయి? ఒక మాట చెబితే పది మాటలు అడుగుతుందని భయం. 'ప్రామాణిక పద్ధతి ప్రకారం, మేడమ్' అని కొట్టాను. ఆమె మళ్లీ ఇంకో రకంగా అడిగింది. 'తేమ నిబంధనలు చూసుకోగలరు' అని రాశాను. మూడోసారి అడగలేదు. రివిజన్లు, అంటే దిద్దుబాట్లు, మూడుసార్లు చేశాను. ప్రతిసారీ ఆమె బాగుందనే రాసింది. అక్కడి వెల్డరు చేత యంత్రం చేయించి, తిప్పి చూసేదాకా ఆర్డర్ మూయవద్దని కోరితే సరే అన్నాను.

మార్చి మొదటి వారంలో, ఒక సోమవారం పొద్దున కంప్యూటర్ తెరిస్తే ఆమె మెసేజ్ ఉంది. దాని సారాంశం ఇది: డ్రమ్ము తిరుగుతోంది, కానీ పసుపు ఎట్లా పోస్తే అట్లాగే వస్తోంది. పొట్టు రాలడం లేదు, కొన్ని కొమ్ములు నలిగిపోతున్నాయి. పచ్చి పసుపే అమ్ముకుందామన్న ఆడవాళ్లను నేనే ఒప్పించాను, ఇప్పుడు వాళ్ల ముఖం చూడలేకపోతున్నాను. ఇంకొన్ని రోజుల్లో మాకు వానలు మొదలవుతాయి, తడిస్తే ఏడాది పంట బూజు పట్టిపోతుంది. మీ డ్రాయింగు తప్పు. శుక్రవారం డిస్ప్యూట్ వేస్తాను.

డిస్ప్యూట్ అంటే సైట్ వాళ్ల దగ్గర ఫిర్యాదు. రెండు వైపుల చాటూ చదివి వాళ్లు తీర్పు చెబుతారు. నాకు ఒళ్లు మండింది. నా డ్రాయింగులో ఒక్క బోల్టు కూడా తప్పు పోదు, ఆ విషయంలో నాకు పొగరే ఉంది. ఆమె బాగుందని రాసిన మూడు మెసేజ్‌లనూ ఒకదాని కింద ఒకటి పేర్చి, మర్యాదగా చురకలు పెట్టి, ఒక పొడుగాటి జవాబు తయారు చేశాను. డిస్ప్యూట్‌లో నేనే గెలుస్తానని నాకు బాగా తెలుసు.

అది పంపబోతుండగా మా అత్తమ్మ లోపలికి వచ్చింది. పేరు రాజవ్వ. నలభై ఏళ్లుగా పసుపుతోనే బతుకు. గ్రేస్ పంపిన ఫోటో తెర మీద పెద్దగా ఉంది. ఆమె వంగి చూసింది.

"ఎవ్వలదే గా పసుపు?"

దూరదేశం వాళ్లదనీ, మిషన్ మంచిగ లేదని నా మీద పడుతున్నరనీ చెప్పాను.

"మిషన్ ఏం జేస్తది పాపం? గది ఎండలే."

ఫోటో చూసి ఎట్లా చెబుతావని అడిగాను. నా గొంతులో వెటకారం ఉందేమో కూడా.

"రంగు జూస్తె అనుమానం. సప్పుడు ఇంటె ఖాయం. ఒక కొమ్ము ఇరిచి ఇనిపియ్యమను."

ఇది మా దగ్గర అందరూ చేసేదే. మార్కెట్ యార్డులో కొనే సేటు రాశి దగ్గరికి రాగానే చేసే మొదటి పని ఒక కొమ్ము తీసి విరవడం. బాగా ఎండినదైతే ఠంగున విరుగుతుంది, చిన్న ఇనప ముక్క బండ మీద పడినట్టు. తేమ ఉంటే మెత్తగా వంగి, మూలిగినట్టు విరుగుతుంది. సేటు విరిచేలోపల మా అత్తమ్మ ఇంట్లోనే వంద కొమ్ములు విరిచి ఉంటుంది. అందుకే ఆమె రాశి ఎన్నడూ వెనక్కి రాలేదు.

ఆమె అంత తేలిగ్గా చెప్పి వెళ్లిపోయింది. నేను పంపడం ఆపి, పాత చాట్ పైకి జరిపి చూశాను. గ్రేస్ రెండుసార్లు అడిగింది సరిగ్గా ఇదే. జవాబు మా ఇంట్లో ఉంచుకుని నేను ఆమెకు నిబంధనలు చూసుకోమన్నాను. డ్రాయింగు తప్పు కాదు, నిజమే. కానీ అక్కడ ఆ పసుపు అట్లా కావడంలో నా చెయ్యి ఉంది. నాకు సిగ్గేసింది. ఇప్పుడైనా కొమ్ము విరిచి వినిపించమంటే, వినేది ఎవరో చెప్పాలి. చెబితే నా బోర్డు అబద్ధమని బయటపడుతుంది. దొంగ ప్రొఫైల్ అని ఆమె ఒక్క రిపోర్ట్ కొడితే సైట్ వాళ్లు అకౌంట్ మూసేస్తారు, నాలుగేళ్లుగా కూడబెట్టుకున్న చుక్కలన్నీ దానితో పాటే పోతాయి. మా ఆయనను అడిగితే, గెలిచే కేసు చేతిలో పెట్టుకుని ఉరి ఎందుకు బిగించుకుంటున్నవని అన్నాడు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది.

అయినా ఆ పొడుగాటి జవాబు చెరిపేశాను. ఇలా రాశాను:

"మేడమ్, నేను సర్‌ను కాదు. నాకు టీమ్ లేదు. మేము హైదరాబాదులో లేము. నేను ఆర్మూరు అనే పసుపు ఊళ్లో ఉండే ఒక ఇల్లాలిని, డ్రాయింగులన్నీ నేనే గీస్తాను. మా ఇంటి వెనకే పసుపు ఎండుతోంది. మీరు అడిగినదానికి జవాబు మా అత్తమ్మకు తెలుసు, నేను ఆమెను అడగలేదు. తప్పు నాది. మీ పసుపు ఇంకా ఎండలేదని ఆమె అంటోంది. ఒక కొమ్ము ఫోన్ దగ్గర పెట్టి విరిచి, ఆ చప్పుడు పంపండి. మా పసుపు చప్పుడు దీనితో పంపుతున్నాను. నా ప్రొఫైల్ గురించి మీరు సైట్ వాళ్లకు చెప్పదలుచుకుంటే చెప్పండి, కానీ ముందు చప్పుడు పంపండి."

అత్తమ్మ చేత మూడు కొమ్ములు విరిపించి, రికార్డు చేసి జత చేశాను. పంపాక ఆ రోజంతా జవాబు లేదు. మర్నాడు మధ్యాహ్నం దాకా లేదు. పొయ్యి మీద పాలు రెండుసార్లు పొంగిపోయాయి. అకౌంట్ పోయిందనే అనుకున్నాను.

అప్పుడు వచ్చింది. మాటలు తరవాత, ముందు అయిదు వాయిస్ క్లిప్పులు. అత్తమ్మ కళ్లంలోనే గొంతుక్కూర్చుని ఫోన్ చెవికి ఆనించుకుంది. మొదటిది విన్నాక మళ్లీ పెట్టమంది. అయిదూ అయ్యాక తల అడ్డంగా ఊపింది.

"ఒక్కటి గూడ మోగుత లేదు బిడ్డా. ఇంక నాలుగు రోజుల ఎండ గావాలె. మందంగ పోసిండ్రు, పలుసగ నెరపమను. పొద్దుగూకంగ మంచు వడకుంట కప్పమను. డ్రమ్ముల సగం కన్న జర ఎక్కువ పోస్తె సాలు, నిండ పొయ్యద్దు."

నేను ఒక్కొక్క మాటా ఇంగ్లీషులోకి మార్చి పంపాను. క్లిప్పుల కింద గ్రేస్ రాసింది అప్పుడు చదివాను. తెలుగులో చెప్పాలంటే ఇది: "డ్రాయింగులు గీసేవాళ్లు చాలామంది దొరికారు. పసుపు ముట్టుకున్న మనిషి కోసం రెండు వారాలు ఆ సైటంతా వెతికాను. దొరక్క, చుక్కలు చూసి మీ కంపెనీకి ఇచ్చాను. మీరు ముందే ఎందుకు చెప్పలేదు?"

నేను దాచుకున్నదాని కోసమే ఆమె వెతుకుతోంది. ఆ వాక్యం నన్ను కొట్టినంతగా ఏ చెడ్డ రివ్యూ కొట్టలేదు.

ఆ తరవాత రోజూ మధ్యాహ్నం ఉగాండా నుంచి కొమ్ములు విరిగేవి. పిల్లలు బడి నుంచి రాగానే, ఇవాళ చప్పుడు వచ్చిందా అని అడిగేవాళ్లు. రెండో రోజు కొంచెం గట్టిపడింది. మూడో రోజు అక్కడ ఒక గంట వాన కొట్టింది. ఆడవాళ్లంతా పరుగులు పెట్టి, పసుపునంతా గ్రేస్ పనిచేసే బడి గదుల్లోకి మోసి పరిచారట. ఆ రోజు శుక్రవారం. డిస్ప్యూట్ వేస్తానన్న రోజు. డిస్ప్యూట్ రాలేదు, బెంచీల మధ్య పరిచిన పసుపు ఫోటో వచ్చింది. వాన వల్ల ఇంకో రెండు రోజులు పట్టింది. ఆరో రోజు వచ్చిన క్లిప్పు విని అత్తమ్మ ఫోన్ పక్కన పెట్టి, చేతికందిన మా కొమ్మొకటి తీసి విరిచి చూసుకుంది. రెండూ ఒకేలా మోగాయి.

"ఇగ పొయ్యమను," అంది.

మరునాడు వీడియో వచ్చింది. డ్రమ్ము తిరుగుతుంటే జాలీలోంచి పచ్చని దుమ్ము లేస్తోంది. మూత తీసి కుమ్మరిస్తే బంగారంలాంటి కొమ్ములు. చుట్టూ ఉన్న ఆడవాళ్లలో ఒకామె దోసిట్లోకి తీసుకుని ఫోన్‌కు చూపించింది, వాళ్ల భాషలో ఏదో అంది, అందరూ నవ్వారు. నేను ఏడ్చాను. నేను గీసిన గీతలు అంత దూరంలో గిరగిరా తిరుగుతుంటే చూడటం అదే మొదటిసారి. అంతకు ముందు ఎన్నో డ్రాయింగులు పంపాను, అవి ఏమయ్యాయో ఏనాడూ అడగలేదు. కంపెనీలు అట్లా అడగవు కదా.

గ్రేస్ అన్ని చుక్కలూ పెట్టింది. రివ్యూలో రెండే వాక్యాలు: "ఈమె బాగా గీస్తుంది. ఈమె అత్తగారు బాగా వింటుంది." ఆ సైట్‌లో అలాంటి రివ్యూ ఇంకెవరికీ లేదని నా నమ్మకం. అత్తమ్మకు చదివి వినిపిస్తే, వినేసి పసుపు నెరపడానికి పోయింది. సాయంత్రానికి వాడకట్టు మొత్తానికి తెలిసింది.

ఆ వారమే నా బోర్డు మార్చాను. ఊరు: ఆర్మూరు. చేసే పని కింద పసుపు, మక్కజొన్న యంత్రాల డ్రాయింగులు అని చేర్చాను. పాత బయ్యర్లకు కూడా ఉన్నది ఉన్నట్టు రాశాను. ఇద్దరు మళ్లీ రాలేదు, మిగతావాళ్లు ఉన్నారు. ఇప్పుడు మాకు పసుపు, అల్లం పండే దేశాల నుంచి ఆర్డర్లు వస్తాయి. కొత్త బయ్యరు ఎవరొచ్చినా కొలతల కంటే ముందు వాళ్ల సరుకు ఎట్లా ఉందో చూపించమంటాను. వాళ్లు ఒక మాట రెండుసార్లు అడిగారంటే చేతిలో పని ఆపేస్తాను. నాకు తెలియకపోతే తెలియదంటాను, తెలిసినవాళ్లను అడిగి చెబుతానంటాను. దాంతో ఎవరూ పారిపోలేదు. తెలిసింది దాచుకుని పెద్దరికం నటించినప్పుడే ఒక ఊరి పంట పోగొట్టబోయాను.

టీమ్‌లో ఎందరు అన్న చోట పన్నెండు కొట్టేసి రెండు అని వేస్తుంటే అత్తమ్మ వెనకే నిలబడి చూసింది.

"గా రెండో మనిషిని నేనేనా?"

"నువ్వే అత్తమ్మా."

"మరి నా ఫోటువ ఏది?"

పళ్లచక్రం బొమ్మ తీసేశాను. ఇప్పుడు అక్కడ మా ఇద్దరి ఫోటో ఉంది, నా చేతిలో టేపు, ఆమె చేతిలో విరిచిన కొమ్ము.