చుట్టానికి చోటుందా?

బురుల్ రాకముందు కోక్‌జార్ బడి హాస్టల్లో పిల్లల గదులు చూసి ముక్కున వేలేసుకోని వాళ్లు లేరు. మందలతో కొండల మీదే ఉండిపోయే గొర్రెల కాపరుల పిల్లలు వాళ్లంతా. ఆరేళ్లు, ఏడేళ్లు. ఒకపక్క ఇంటి మీద బెంగ, ఇంకోపక్క ఒళ్లు తెలియని అల్లరి. పొద్దున లేస్తే బొంతలు ఎక్కడివక్కడే, బూట్లు తలగడల మీద, సగం కొరికిన రొట్టె ఎవరి టోపీలోనో. అంతకుముందు పనిచేసిన ఆయాలు గొంతు చించుకుని అరిచారు, చెవులు మెలిపెట్టారు, మిఠాయి ఆశ పెట్టారు. మిఠాయి నోట్లో ఉన్నంతసేపే శుభ్రం.

బురుల్ నలభై దాటిన మనిషి. పాలు పితికి పితికి మొరటుబారిన చేతులు, గేటు దాకా వినిపించే నవ్వు. తనకు పిల్లలు లేరు. దాని గురించి ఎవరైనా జాలిపడబోతే "నాకు ముప్ఫైమంది, నీకెందరు?" అని నోరు మూయించేది. ఆవిడ చేసిన పని చెబితే ఓస్ ఇంతేనా అనిపిస్తుంది. ఒకరోజు బడి వదిలాక చేతిలో కర్ర పట్టుకుని, భుజాన సంచీ వేలాడేసుకుని మొదటి గది తలుపు తట్టింది.

"లోపలెవరండీ? దారిన పోయేదాన్ని. కాసేపు కూర్చోడానికి చోటుందా?"

పిల్లలు నోళ్లు తెరిచారు. ఆయా ఏమిటి, చుట్టం కావడమేమిటి? బురుల్ గుమ్మంలోనే నిలబడి గదంతా కలియజూసింది. నేల మీద అడుగు పెట్టడానికి సందు లేదు.

"అయ్యో, పనిలో ఉన్నట్టున్నారు. ఫర్లేదులెండి, పక్కింట్లో అడుగుతా" అని వెనక్కి తిరిగింది. కోపం లేదు, విసుగూ లేదు.

అదీ దెబ్బ. మా వైపు పిల్లలకు నడక రాకముందే తెలిసే సంగతి ఒకటుంది. గుమ్మం దాకా వచ్చిన మనిషి కూర్చోకుండా వెళ్లిపోతే ఆ ఇంటికి తల కొట్టేసినట్టే. లోపల ఒక్కసారిగా కలకలం రేగింది. "బొంతలు మడవండ్రా! చుట్టం వెళ్లిపోతోంది!" చూస్తుండగానే బొంతలన్నీ పెట్టె మీద దొంతరగా లేచాయి, బూట్లు గుమ్మం పక్కకు చేరాయి, తలుపుకు ఎదురుగా పెద్దవాళ్లు కూర్చునే చోటు ఖాళీ అయింది. ఇద్దరు పరుగెత్తుకెళ్లి ఆవిడ సంచీ పట్టుకుని లాగారు.

"రండి ఎజె, రండి! చోటుంది! బోలెడంత చోటుంది!"

ఎజె అంటే అక్క. వయసులో పెద్దదైన ఏ ఆడమనిషినైనా మా వైపు పిల్లలు అలాగే పిలుస్తారు. బురుల్ ఎజె పెద్దల చోటులో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. వాళ్లు పెట్టిన రొట్టె తుంచింది. "పశువులు క్షేమమా? ఈ ఏడు గడ్డి బాగా దొరికిందా?" అని ఇంటి యజమానులను అడిగినట్టే అడిగింది. చీమిడి ముక్కు తుడుచుకుంటూ ఒక ఏడేళ్లవాడు, "ఏదో, మీ దయవల్ల. తోడేలే కాస్త ఇబ్బంది పెడుతోంది" అన్నాడు. ఆవిడ నవ్వలేదు. "తోడేళ్లతో ఎప్పుడూ ఉండే గొడవేగా బాబూ" అని తల ఊపి, లేచేటప్పుడు అరచేతులు చాచి ఆ ఇంటిని దీవించి వెళ్లింది.

ఆ తర్వాత ఏ వేళ ఏ తలుపు తడుతుందో ఎవరికీ తెలిసేది కాదు. అందుకని ఏ వేళ చూసినా గదులు కడిగిన పళ్లెంలా ఉండేవి. ఇంత తేలికైన సంగతి మిగతా ఆయాలకు ఎందుకు తట్టలేదంటే, చెవి మెలిపెట్టడం ఇంకా తేలిక కాబట్టి.

అలాంటి ఆట కూడా ఒకచోట బెడిసికొట్టింది.

అక్మరాల్ అనే ఏడేళ్ల పిల్లను ఆకులు రాలే రోజుల్లో తండ్రి సాగిన్ గుర్రం మీద తెచ్చి దించాడు. వెళ్తూ వెళ్తూ బురుల్‌తో, "మంచు పడి కనుమ దారి మూసుకుపోయేలోపు ఒకసారి వస్తానక్కా. అప్పటికీ ఇలాగే మొహం వేలాడేసుకుని ఉంటే తీసుకుపోతా. వాళ్లమ్మ కూడా దీని మీద బెంగపెట్టుకుంది" అన్నాడు. అలా వెనక్కి వెళ్లిన ఆడపిల్లలు మళ్లీ బడి మొహం చూడటం బురుల్ ఎరగదు. ఈ పిల్లను అలా పోనివ్వకూడదని గట్టిగా అనుకుంది.

అక్మరాల్ పొద్దున్నే తన బొంతను చుట్టి, బట్టలూ పుస్తకాలూ అందులోనే కుక్కి తాడుతో కట్టేది. ఆ మూటను సరిగ్గా గుమ్మానికి అడ్డంగా పెట్టుకుని దాని మీద కూర్చునేది. ఎవరెంత పోరినా దొంతరలో పెట్టనిచ్చేది కాదు. బురుల్ తలుపు తట్టడం, మూట చూడటం, "ఫర్లేదులెండి" అని వెనక్కి తిరగడం. రోజూ ఇదే వరస. ఆ గదిలో పెత్తనమంతా చినార అనే పిల్లది. ఒక సాయంత్రం ఆమెకు ఓపిక నశించింది.

"నీ మూలంగా మా ఇంటికి చుట్టాలే రావడం లేదే! పో బయటికి!" అని మూటను ఎత్తి నడవలోకి విసిరేసింది. తాడు తెగి గౌన్లూ మేజోళ్లూ, ఇంటి నుంచి తెచ్చుకున్న ఎండు పెరుగు ఉండలూ నేలంతా దొర్లాయి.

బురుల్ వచ్చేసరికి అక్మరాల్ ఏడవడం లేదు. ఒక్కొక్కటే ఏరుకుని మళ్లీ మూట కట్టుకుంటోంది. బురుల్ తనను తానే తిట్టుకుంది. రోజూ గుమ్మంలోంచి వెనక్కి తిరిగింది తనే కదా, చినారను అని ఏం లాభం? నేల మీద చతికిలబడి తనూ ఏరసాగింది.

"దొంతరలో ఎందుకు పెట్టవు బంగారం?"

"పెడితే నేను ఇక్కడిదాన్నయిపోతా."

"అయితే ఏమవుతుంది?"

"నాన్న ఇంక రాడు. మూట కట్టి ఉంటేనే వస్తాడు."

తప్పకుండా వస్తాడని ఒట్టు వేయడానికి ఆవిడెవరు? కొండల్లో ఏది ఎప్పుడు అడ్డొస్తుందో ఎవరికి తెలుసు? అందుకే అబద్ధం చెప్పలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని గదిలోకి నడిచింది.

"ఏమర్రా, ఈ పిల్ల ఈ ఇంటిది కాదంటోంది. మరైతే ఎవరు?"

"ఎవరో! మాకేం తెలుసు" చినార మూతి ముడిచింది.

"ఇంటిది కాకపోతే చుట్టమే కదుటే! కొండ దాటి వచ్చిన చుట్టాన్ని ఇన్నాళ్లూ గుమ్మంలో కూర్చోబెట్టారా? పైగా సామాను బయటికి విసిరేస్తారా? మీ అమ్మలకు తెలిస్తే ఏమంటారే?"

చినార మొహం పాలిపోయింది. మరుక్షణం "రండి, లోపలికి రండి, ఇలా కూర్చోండి" అంటూ అక్మరాల్‌ను తీసుకెళ్లి పెద్దల చోటులో కూర్చోబెట్టింది. మొదటి టీ ఆమెకే, మీగడా ఆమెకే. మూటను కూడా ఆమె పక్కనే మర్యాదగా పెట్టారు.

మొదట్లో అక్మరాల్‌కు బాగానే ఉంది. రానురాను ప్రాణం మీదికి వచ్చింది. చీపురు పట్టబోతే లాక్కునేవారు. నీళ్లు తేబోతే "చుట్టం చేత పని చేయిస్తామా, ఎంత మాట!" అనేవారు. ఇంటి దగ్గర తల్లిలేని గొర్రెపిల్లలకు పాలు పట్టి బతికించిన పిల్ల అది. ఊరికే కూర్చోవాలంటే కాళ్లూ చేతులూ కట్టేసినట్టుంది. పైగా మిగతావాళ్లు ఎవరి బొంత పైన ఉండాలో తేల్చుకోలేక కొట్లాడుకుంటూ, ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వుకుంటుంటే, తనొక్కతే పెద్దమనిషిలా టీ చప్పరించాలి.

"ఎజె, చుట్టంగా ఉండటం ఎప్పుడైపోతుంది?" అని ఒకరోజు బురుల్ చెయ్యి పట్టుకుంది.

"నువ్వు మీ ఇంటికెళ్లినప్పుడు. లేదా ఈ ఇంటిదానివైనప్పుడు. నీ ఇష్టం తల్లీ."

అంతకుమించి ఒక్క మాట అనలేదు. నాలుక చివరిదాకా వచ్చినవి ఎన్నో మింగింది. అంత వాగుడుకాయకు అది మామూలు కష్టం కాదు. పిల్లల దగ్గర అలా నోరు అదుపులో పెట్టుకోగలిగిన పెద్దవాళ్లు ఎంతమంది ఉంటారు?

ఒక పొద్దున అక్మరాల్ తనంతట తనే తాడు విప్పింది. నీలి పూల బొంతను మడిచి, మడత అంచు గది వైపు వచ్చేలా సవరించి దొంతర మీద పెట్టింది. పెట్టి చాలాసేపు చెయ్యి తియ్యలేదు. ఎవరూ నవ్వలేదు. చినార చీపురు తెచ్చి ఆమె చేతికిచ్చింది.

ఆ మధ్యాహ్నమే మంచు మొదలైంది.

ఇక బురుల్‌కు అన్నం సయించలేదు. అంతవరకూ సాగిన్ వచ్చి పిల్లను తీసుకుపోతాడేమోనని భయం. ఇప్పుడు అసలు రాడేమోనని భయం. దారి మూసుకుపోతే తప్పు మంచుది. కానీ ఈ పిల్ల మాత్రం బొంత పైన పెట్టినందుకే నాన్న రాలేదనుకుంటుంది, బతికినన్నాళ్లూ అనుకుంటుంది. వీలైనప్పుడల్లా గేటు దగ్గరికెళ్లి తెల్లబడుతున్న కనుమ వైపు చూసి గొణుక్కునేది. "ఒరే సాగిన్, గుర్రం రాకపోతే నడిచైనా రారా నాయనా."

ఒకసారి అక్మరాల్ దొంతరలోంచి తన బొంత లాగెయ్యబోవడం ఆవిడ కంటపడింది. కాలు ముందుకు పడింది గానీ ఆపలేదు. పిల్ల తనే చెయ్యి వెనక్కి తీసుకుంది.

సాగిన్ వచ్చాడు. గడ్డం నిండా మంచు, మోకాళ్ల దాకా తడి. గుమ్మంలో బూట్లు విప్పి లోపలికి తొంగిచూశాడు. కూతురు చీపురు పట్టుకుని గది మధ్యలో కొయ్యబారి నిలబడి ఉంది.

"మూటేదమ్మా? వెళ్దామా మరి?"

అక్మరాల్ దొంతర వైపు చూసింది, తండ్రి వైపు చూసింది.

"పైన పెట్టేశా నాన్నా. అయినా వచ్చావే!"

సాగిన్‌కు ఏమీ అర్థం కాలేదు. "రాక ఎక్కడికి పోతానే పిచ్చితల్లీ?" అన్నాడు. పిల్ల చీపురు పడేసి వెళ్లి అతని నడుం కరుచుకుంది. తలుపు అవతల బురుల్ చేతులతో మొహం కప్పుకుని, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనన్న ఆలోచన కూడా లేకుండా వెక్కివెక్కి ఏడ్చింది.

కాసేపటికి అక్మరాల్ తల ఎత్తి కిటికీలోంచి బయటికి చూసింది.

"మంచు ఎక్కువవుతోంది నాన్నా. టీ తాగి నువ్వు బయల్దేరు. మళ్లీ వద్దువుగాని."