పూడ్చిన బావి మీద మొక్కలు

ఇది రాసిపెట్టడానికి కారణం ఒక్కటే. మా పార్కులో పడమటి వరస మొక్కలు ఎట్లా బతికాయని అందరూ అడుగుతున్నారు. నోటితో చెబితే నవ్వుతున్నారు. లైబ్రరీలో దొరికిన పుస్తకమల్లా చదివినవాణ్ణి. చదివిందేదో, చూసిందేదో నాకు తేడా తెలుసు. ఇది చూసింది... కాదు, విన్నది.

మాది పెద్దపల్లి దగ్గర ఊరు. ఊరి చివర చెత్త పోసే జాగాను బాగుచేసి వేప, కానుగ, నేరేడు పెట్టాం. పిల్లలకు ఊయల, పెద్దలకు బెంచీలు. పిట్టలకు, ఉడుతలకు నీళ్లుండాలని పుస్తకంలో చదివి చిన్న గుంత నేనే తవ్వాను. అక్కడ ఎండిపోయిన మోటబావి ఒకటుండేది. పిల్లలు పడతారని మట్టితో పూడ్చారు. తొందరలో మోట తాడు తిరిగే గిరక కూడా తియ్యలేదు. అట్లనే లోపలికి పోయింది.

"గంగమ్మకు కొబ్బరికాయన్న కొట్టలే, గిరకన్న తియ్యలే" అని రాజవ్వ చాలా రోజులు గొణిగింది. రాజవ్వ నాకు వరుసకు చిన్నమ్మ. మొక్కలకు నీళ్లు పోసేది ఆమే.

ఈ ఎండాకాలం బోరు ఎండింది. ఇద్దరం బిందెలతో నీళ్లు మోశాం. భుజాలు కాయలు కాశాయి. వానలదాకా మొక్కలు నిలవకపోతే జాగా మళ్లీ చెత్తకే అని పంచాయతీలో తేల్చి చెప్పారు. బావి పూడ్చిన చోట ఉన్న పడమటి వరస అప్పటికే ఆకులు ముడిచింది.

పగలు ట్యాంకర్ తాగేనీళ్లకే సరిపోదు. అందుకే మొక్కలకు రాత్రి పంపుతామని పంచాయతీవాళ్లు అన్నారు. గేటు దగ్గర కాచుకున్నాం. రాలేదు. ఫోన్ చేస్తే డ్రైవర్ శీను, టైరు పంచరైంది, పొద్దున తెస్తానన్నాడు. ఇంటిదాకా నడిచే ఓపిక లేదు. నేను బెంచీ మీద ఒరిగాను. రాజవ్వ కింద కొంగు పరుచుకుంది.

"సారూ, వాన ఎప్పుడొస్తదో నీ పుస్తకాలల్ల జర చూడరాదు" అంది. పుస్తకాలు చదువుతానని ఆమె నన్ను సారూ అనే పిలుస్తుంది.

అప్పుడు... కిర్ర్...

ఊయల అనుకున్నాను. గాలి లేదు. ఊయల కదలడం లేదు.

కిర్ర్... కిర్ర్... ఆగింది. తర్వాత అడుగులు. మనిషివి కావు. మోట లాగుతూ ఎద్దులు దిగుతాయే, అట్లా... బరువుగా... నెమ్మదిగా. ఆ తర్వాత నీళ్లు ఒక్కసారి కుమ్మరించిన చప్పుడు. తడిమట్టి వాసన...

టార్చి నా చేతిలోనే ఉంది. వెయ్యలేకపోయాను.

"చిన్నమ్మా... వింటున్నవా?"

చీకట్లో ఆమె చెయ్యి వచ్చి నా టార్చి మీద పడింది.

"వింటున్న. లైటు ఎయ్యకు. నీళ్లు పొయ్యనియ్యి."

తెల్లారి చూస్తే పడమటి వరస పాదులన్నీ తడి. నా గుంతలో నీళ్లు. మిగతా వరసలు పొడిపొడి. మట్టి మీద ఒక్క అడుగు గుర్తు లేదు.

లోపలి ఊట పైకొచ్చిందేమోనని లైబ్రరీలో వెతికాను. కావచ్చని ఒక పుస్తకం, కాదని ఇంకొకటి. సరే, ఊటే అనుకుందాం. మరి గిరక చప్పుడు?... మళ్లీ ఎన్నడూ వినపడలేదు. వానలు పడేసరికి మిగతా వరసల్లో సగం ఎండాయి. పాదుల్లో తడి ఆరని పడమటి వరస మాత్రం నిండుగా నిలిచింది. దాన్ని చూసే జాగాను పార్కుకు వదిలేశారు. ఇప్పుడు గుంత దగ్గరికి పొద్దున్నే పిట్టలొస్తున్నాయి.

తోడున్న రాజవ్వ చిన్నమ్మకు, పొద్దున్నే ట్యాంకర్ తెచ్చిన శీనుకు, అడిగిన పుస్తకమల్లా ఇచ్చిన లైబ్రరీ సత్తయ్య సారుకు నా దండాలు. ఆ రాత్రి నీళ్లు పోసిన వారికి కూడా... పేరు తెలిస్తే ఇక్కడే రాసేవాణ్ణి.