పరాయి ఫ్రిజ్‌ల షంషుద్దీన్

షంషుద్దీన్ మామకు ఎవరింటికి పోయినా ముందు ఫ్రిజ్ తెరిచే జబ్బుంది. ప్రొద్దుటూరు మోడంపల్లెలో ఆయన చెప్పులు వాకిట్లో కనబడితే చాలు, ఆడవాళ్లు పిల్లల యాంటీబయాటిక్ సీసాలు బియ్యం డబ్బాల్లో దాచేస్తారు.

ఆ వీధిలో మందు సీసాకు కాళ్లుంటాయి. ఒక పిల్లవాడు సగం తాగితే మిగతాది పక్కింటి పిల్లకు, అడుగున మిగిలింది ఎదురింటి వాడికి. ముప్పై ఏళ్లు ఆసుపత్రి ల్యాబులో పనిచేసి రిటైరైన మామకు అది చూస్తే ఒళ్లు మండుతుంది.

"సగం మందు తాపితే పురుగులు సావవు, పాఠం నేర్చుకుంటాయి. పక్క పురుగుకు కాపీ చీటీ గూడా అందిస్తాయి. ఆ చీటీనే జీన్ అంటారు!"

"అయితే మోరీలో పారబోస్తాలే మామా," అంది ఆ వీధిలోనే ఉండే హేమలత ఒకసారి.

"మోరీలో పురుగులకు ట్యూషన్ పెడతావా? ఇట్ల తే!" అని సీసా సంచిలో వేసుకుని, ఆసుపత్రిలో ఇచ్చి రావడానికి సైకిలెక్కాడు.

మొన్న చలికాలంలో హేమలత మూడేళ్ల కూతురు చందనకు దగ్గు, జ్వరం. పక్కింటి మైమూన్ ప్రేమగా ఇచ్చిన సగం సీసా రెండు రోజులు తాపింది. తగ్గలేదు. మూడోనాటికి పిల్ల డొక్కలెగరేస్తోంది. హేమలత మామకు కబురంపింది. మామ వచ్చాడు. ఆరోజు మాత్రం ఫ్రిజ్ వైపు చూడలేదు, పిల్లను భుజానేసుకుని ఆటో ఆపాడు.

డాక్టరు పరీక్ష చేయించి, ఆ పురుగులు పాత మందుకు లొంగే రకం కాదని మందు మార్చాడు. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంచి, ఇంటికి పంపుతూ రెండు సీసాలు రాసిచ్చాడు. హేమలత ఒకటే కొనగలిగింది. అది అయిపోయేసరికి చందన మంచమ్మీద గంతులేస్తోంది. ఇంక చాల్లే అనుకుని పెరుగు కోసం ఫ్రిజ్ తెరిస్తే, లోపల రెండో సీసా! దానిమీద మామ చేతిరాత: "చందన. ఇంకా మూడు దినాలు. గంతులేసినా సరే."

ఈయన తీసుకుపోవడానికే ఫ్రిజ్ తెరుస్తాడని ఇన్నేళ్లూ తిట్టుకున్నానే అని హేమలతకు సిగ్గేసింది. నేరుగా ఆయనింటికి పోయి, ఎవర్నీ అడక్కుండా ఫ్రిజ్ తెరిచింది. పాలు లేవు, టమోటాలు లేవు. వరసగా మూత తీయని కొత్త మందు సీసాలు. ఒక్కోదానికి ఒక డాక్టరు చీటీ, వీధిలోని ఒక పిల్ల పేరు.

"మా పాలు మైమూన్ ఇంట్లో పెట్టుకుంటాండాం," అంది మామ భార్య ఖమ్రున్నీసా నిదానంగా. "శానా ఏండ్లుగా ఇంతే."

అప్పుడే స్నానం చేసి వచ్చిన మామ గుమ్మంలో ఆగిపోయాడు.

"ఏందమ్మా ఇది! ఒకరింట్లో ఫ్రిజ్ అట్ల తెరుస్తారా? కొంచెమన్నా మర్యాదుండల్ల!"