మస్తానమ్మ మీద వేసిన నింద

మాది ఉదయగిరి. ఇక్కడి ఆడవాళ్లు చెక్కే కొయ్య చెంచాలు అమ్ముతుంటాను. రెండేళ్ల కిందట ఆస్ట్రేలియా నుంచి మొదటి ఆర్డర్ వచ్చింది. విమానంలో పంపించడానికి చెన్నైలో ఇద్దరు కార్గో ఏజెంట్లను కలిశాను.

"కొయ్య సరుకు కదా, పురుగు చావడానికి పొగ పెట్టించి సర్టిఫికెట్ తీసుకోవాలి. వారం పడుతుంది" అన్నాడు మొదటాయన.

"అవేమీ అక్కర్లేదు, రేపే పంపించేస్తా" అన్నాడు రెండో ఆయన. తొందరకొద్దీ సరుకు ఆయన చేతిలో పెట్టాను.

ఆస్ట్రేలియాలో అధికారులు పురుగు కనిపించిందని పెట్టెలన్నీ కాల్చేశారు. నా తప్పు ఒప్పుకునే ధైర్యం లేక, మూడు నెలలు కష్టపడి ఆ చెంచాలు చెక్కిన మస్తానమ్మను పనివాళ్లందరి ముందూ నిలదీశాను. "పచ్చి కొయ్య వాడినావు, అందుకే పురుగు పట్టింది."

ఆమె ముఖం వాడిపోయింది. "నా తప్పే అయితే కూలి వద్దు నాయనా, మళ్లీ చెక్కి ఇస్తాను" అంది.

మర్నాడు ఆమె అన్నంత పనీ చేస్తుంటే చూడలేక, పక్కకు పిలిచి నిజం చెప్పాను.

"నన్ను అందరి ముందర అన్నావు గదా. ఇది కూడా అందరి ముందరే చెప్పు" అంది.

తల వంచుకుని చెప్పాను.

ఇప్పుడు నా సరుకు మొదటాయనే పంపిస్తున్నాడు. మస్తానమ్మ ఇంకా నాకే చెక్కుతోంది. ఆమె కళ్లలోకి సూటిగా చూసి మాట్లాడడం మాత్రం ఈనాటికీ నాకు చేతకావడం లేదు.