ఇసుకలోని సకారం

మొన్న చెవుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు, ఆ అమ్మాయి (మన వయసు వాళ్ళకు డాక్టర్లందరూ అమ్మాయిలూ అబ్బాయిలే కదా) నన్నొక గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, బయట నుంచి ఏవేవో మీటలు నొక్కి, చివరికి కాగితం మీద పల్లానికి దిగిపోతున్న ఒక గీతను చూపించి, వినికిడి తగ్గినట్టు మొదట ఎప్పుడు గమనించారండీ అని అడిగింది. పక్కనే ఉన్న మా ఆవిడ, ఈయన నా మాట ఎప్పుడు విన్నారు గనుక అని నవ్వింది. నేనూ నవ్వేసి, వయసుతో పాటు వచ్చిందే కదమ్మా, ఎప్పుడని చెప్పను అన్నాను. నిజానికి నాకు బాగా గుర్తుంది. అది ఖతార్‌లో, ఒక శుక్రవారం మధ్యాహ్నం, ఒక పాటకు మిక్సింగ్ చేస్తూ ఉండగా తెలిసింది.

నా అసలు వృత్తి అదే. హైదరాబాదులో ఒక రికార్డింగ్ స్టూడియోలో టేపులు తిరిగే రోజుల నుంచీ పనిచేశాను. పాటలు వినేవాళ్ళు ఇంటికొకరు ఉంటారు గానీ, పాట వినడానికి ముందు ఎలా ఉంటుందో చూసినవాళ్ళు తక్కువ. డ్రమ్ముల్లో ఒక్కో దానికీ ఒక్కో మైకు పెట్టి విడివిడిగా రికార్డు చేస్తారు, గిటార్ ఒకసారి వాయించింది ఒక ట్రాకు, అదే మళ్ళీ వాయించింది ఇంకో ట్రాకు, గొంతు వేరు. విడిగా వింటే ఏదీ పాటలా ఉండదు, కూరగాయలు తరిగి పళ్ళాల్లో పెట్టినట్టు ఉంటుంది. కూర చేయడం మా పని. అందులోనూ రాక్ పాటలో గిటార్లు అన్నిటి మీదా పడి అరుస్తుంటాయి గనుక, ఒకదాన్ని ఎడమకూ ఇంకోదాన్ని కుడికీ జరిపి, వాటి కింది బరువు కొంత కోసేసి, నడుమ గొంతు నిలబడటానికి చోటు చేయాలి. ఆ చోటు చేయడంలో నన్ను మించినవాడు లేడని నాకు ఒకప్పుడు బాగానే పొగరు ఉండేది.

కంప్యూటర్లు ఇళ్ళల్లోకి వచ్చాక మా స్టూడియో మూతపడింది. తెలిసినవారి ద్వారా, కొత్త భవనాల్లో ప్రకటనల కోసం స్పీకర్లు బిగించే ఒక కంపెనీలో చేరి ఖతార్ వెళ్ళాను. ఊళ్ళో మా చిన్నమ్మ మాత్రం నేను దుబాయ్‌లోనే ఉన్నానని చివరిదాకా అందరికీ చెప్పింది. వరల్డ్ కప్పు వస్తోందని దోహా మొత్తం తవ్విపోస్తున్న రోజులవి. వెస్ట్ బే టవర్లలో కొన్నాళ్ళు, భూమి లోపల సగం కట్టిన స్టేషన్లలో కొన్నాళ్ళు, డ్రిల్లింగ్ యంత్రాల మధ్య, జనరేటర్ల పక్కన నిలబడి స్పీకర్లు పరీక్షించేవాణ్ణి. చెవుల్లో పెట్టుకోమని కంపెనీ ఇచ్చిన మెత్తటి బిరడాలు జేబులోనే ఉండేవి. శబ్దంతో బతికేవాడు చెవులు మూసుకోవడమేమిటని నా రోషం.

అక్కడే డ్యూటీ బస్సులో నిజామాబాద్ తమ్ముడొకడు పరిచయమయ్యాడు. తోడబుట్టినవాడు కాదు గానీ, అన్నా అని వాడు పిలిచిన తీరుకు తమ్ముడే అయ్యాడు. ఏసీల మెకానిక్. ఇంట్లో దక్ఖనీ ఉర్దూ, బయట మన తెలుగు, చేతిలో ఎప్పుడూ గిటార్. తనే పాట కట్టి, తనే పాడి, మరో ఇద్దరిని కూడగట్టి ఒక జట్టు చేశాడు. దోహాలో తవ్వకాల మోత తప్పదని, డ్రమ్ములు రికార్డు చేయడానికి ఉత్తరాన మదీనత్ అల్ షమాల్ అనే ఊరి దాకా వెళ్ళి, అక్కడ ఒక ఖాళీ గోదాములో, ట్యూబులైట్ల కింద వాయించి వచ్చారు. ఆ తరువాత డ్రమ్ములు వాయించిన నేపాలీ అబ్బాయి కాంట్రాక్టు అయిపోయి ఇంటికి వెళ్ళిపోయాడు. ఇంక ఏ లోపమున్నా మళ్ళీ వాయించడం కుదరదు, ఉన్నదాంతోనే చేసుకోవాలి. ఆ ట్రాకులన్నీ ఒక డిస్కులో పెట్టి నాకు అప్పగించాడు.

నేను ఎంత సంబరపడ్డానో చెప్పలేను. ఎన్నేళ్ళ తరువాతో నా పని నా చేతికి వచ్చింది. ఈ పాట బాగా కుదిరితే స్పీకర్ల ఉద్యోగం మానేసి హైదరాబాదు తిరిగి వచ్చి, చిన్నదైనా సొంత స్టూడియో పెట్టుకుంటానని మా ఆవిడకు ఫోన్లో చెప్పాను. ఆవిడ నాకంటే తొందరపడి, మా వీధి చివర ఒక ముందుగది ఖాళీ అవుతోందని, ఇంటివాళ్ళతో మాట్లాడి ఉంచింది.

ముషైరిబ్ దగ్గర, ఇంకా కూల్చని ఒక పాత భవనంలో తమ్ముడి గది. ప్రతి శుక్రవారం అక్కడికి వెళ్ళి కూర్చునేవాణ్ణి. అంతా కుదురుతోంది గానీ పాట పల్లవిలో ఇసుక అనే మాట ఒకటుంది, అది నాకు సరిగా వినబడేది కాదు. ఇ అనీ, ఉక అనీ వినిపించి నడుమ సకారం మింగేసినట్టు ఉండేది. దక్ఖనీ నాలుక కదా, సు పలకడానికి ఖర్చవుతుందా నీకు అని ఎగతాళి చేశాను. పాపం వాడు నవ్వి, దుప్పటి కప్పుకుని (గది మోత రాకుండా మేము చేసుకున్న ఏర్పాటు అది) మళ్ళీ పాడాడు. నాకు చాలలేదు. మరో శుక్రవారం మళ్ళీ పాడించాను. డ్యూటీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇసుక, ఇసుక అని తనలో తను పలుక్కుంటుంటే చూశాను కూడా. అయినా వినబడకపోయేసరికి, నా విద్యంతా ఉపయోగించి గొంతులో పైస్థాయిని (సకారం పలికేది అక్కడే) పెంచాను, గిటార్లకూ పదును పెంచాను.

ఆ శుక్రవారం మధ్యాహ్నం తమ్ముడు మొహమాటంగా, "అన్నా, జర గా కీచుమనేది తీసేస్తవా? చెవుల సూది దిగినట్టున్నది" అన్నాడు.

ఏ కీచు అన్నాను. డ్రమ్ముల వెనక మొదటి నుంచీ ఉందన్నాడు. డ్రమ్ముల ట్రాకులొక్కటే వినిపించాను. ఉందన్నాడు. నాకేమీ వినబడలేదు. హెడ్‌ఫోన్లు మార్చాను, లేదు. నా అనుభవమంతా గుర్తుచేసి వాడి మీద విసుక్కున్నాను కూడా. సరే చూద్దామని, ఏ శబ్దం ఎంత ఉందో స్క్రీన్ మీద బొమ్మగా చూపించేదాన్ని తెరిచాను. కుడివైపు చివర, బాగా సన్నటి శబ్దాలు కనిపించే చోట, నాకు ఏమీ లేదనిపించిన చోట, సన్నటి గీత ఒకటి నిట్టనిలువుగా నిలబడి ఉంది. గోదాములోని ట్యూబులైట్ల చోకు చేసిన రొద అది, పాట పొడవునా ఉంది. నమ్మలేక, దాన్నొక్కదాన్నే పట్టి పైకి పెంచాను. ఇంకా పెంచాను. తమ్ముడు రెండు చేతులతో చెవులు మూసుకుని, "బస్, బస్! బంద్ చెయ్ అన్నా!" అని అరిచాడు. వాడి అరుపు వినబడింది నాకు. మిగతా గదంతా నాకు నిశ్శబ్దంగానే ఉంది.

ఆపేశాక వాడు చేతులు దించి, చాలా మెల్లగా, "ఇనవడుతలేదా అన్నా నీకు?" అన్నాడు. వాడి గొంతు ట్రాకు తీసి, ఇసుక దగ్గర ఆ బొమ్మను చూశాను. సకారం నిండుగా, చక్కగా ఉంది. మొదటిసారి పాడినప్పుడే ఉంది. వాడు దుప్పట్లో చెమటలు కక్కుతూ పాడిన ప్రతిసారీ ఉంది. నాకు ఏడుపు వచ్చింది, ఏడ్చాను.

ఇంకొకడైతే ఇంక ఈయన వద్దని డిస్కు పట్టుకుని పోయేవాడు. వాడు చాయ్ పెట్టుకొచ్చి, "పోనీ తీ అన్నా. కిందిది నువ్వు చూడు, పైది నేను చెప్త" అని కుర్చీ పక్కకు లాక్కున్నాడు. ఆ కీచును తన చెవితో పట్టి తీయించాడు. నేను ఇన్ని వారాలు ఎక్కించిన పదునంతా, ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ దింపించాడు. డ్రమ్ము దెబ్బ, బేస్ గిటార్, గొంతులోని బరువు నావి. తాళాల మెరుపూ, తీగ మీద గోరు తగిలిన చప్పుడూ, సకారమూ వాడివి. అలా పూర్తయింది పాట. ఆఖరిసారి మొదటి నుంచీ వింటున్నప్పుడు, పల్లవి రాగానే అలవాటు కొద్దీ నా వైపు తిరిగి, "ఇప్పుడు మంచిగ పలికిన్నా అన్నా?" అని అడిగాడు. అడిగాక నాలుక కరుచుకున్నాడు. బాగా పలికావురా అన్నాను. ఆ పాట విన్నవాళ్ళంతా బాగుందన్నారు. నేను మాత్రం ఈనాటికీ దాన్ని సగమే విన్నాను.

మా ఆవిడకు జీతం పెంచారని, ఇంకొన్నాళ్ళు ఇక్కడే ఉంటానని చెప్పాను. ఆవిడ, అయితే ఆ ముందుగది ఎవరో టైలర్ అడుగుతున్నాడు, ఇచ్చేయమంటాను అంది. సరే అన్నాను. పోటీలు అయ్యేదాకా ఉండి, శబ్దం కొలిచే మీటరు చూసి స్పీకర్లు పరీక్షించి, వచ్చేశాను. మీటరు చూసి చెప్పే పనికి చెవులతో పని లేదు.

ఇప్పుడు పాటలు చేసేవాళ్ళు ఎవరి గదిలో వాళ్ళు తలుపేసుకుని ఒంటరిగా చేసుకుంటున్నారట. ట్రాకులు ఇంటర్నెట్‌లో పంపితే యంత్రమే అన్నీ సరిచేసి పంపిస్తుందట, పెద్దవాడని మొహమాటపడదు, విసుక్కుంటే నొచ్చుకోదు. మంచిదే. మా కాలంలో ఒక పాట దగ్గర నలుగురం మోకాళ్ళు తగిలేలా కూర్చుని పోట్లాడుకునేవాళ్ళం, దానివల్ల పని ఆలస్యమయ్యేది కూడా. కానీ నా పనితనం నన్ను వదిలి వెళ్ళిపోయిన రోజున నా పక్కన ఒక మనిషి కూర్చుని ఉన్నాడు, ఆ సంగతి నాకు వాడి ముఖంలోనే తెలిసింది. ఒంటరిగా ఉండి ఉంటే, తప్పు వాడి నాలుకదేనని నమ్ముతూనే నేను ముసలివాణ్ణయిపోయేవాణ్ణి.