మంగళగి సముద్రం

గుండేరావు మామకు ఒక దురలవాటు ఉంది. ఎవరైనా పుస్తకం ఇస్తే చదివేస్తాడు.

ఇదేం పెద్ద విషయమని మీకు అనిపిస్తే, బీదర్‌లో మా రచయితల సంఘం సభకు మీరెప్పుడూ రాలేదన్నమాట. మా దగ్గర పుస్తకానికి రిబ్బను విప్పుతాం, గుండెకు ఆనించుకుని ఫొటో దిగుతాం, రాసినవాళ్లకు శాలువా కప్పుతాం, "అద్భుతం" అంటాం, మిర్చీ బజ్జీలు తిని ఇంటికి పోతాం. ఇందులో చదవడం ఎక్కడా లేదు. మామ మాత్రం గంజ్ బజారులోని తన పప్పుల దుకాణంలో బస్తాల మీద కూర్చుని, మొదటి పేజీ నుంచి వెనక అట్ట మీది ధర దాకా చదివి, సభకొచ్చి నలుగురిలో నిలబడి అడుగుతాడు.

నా నవల ఆవిష్కరణలో మా అధ్యక్షుడు జాకబ్ నన్ను ఆకాశానికెత్తి ఇంకా దించలేదు, మామ చెయ్యెత్తాడు.

"అల్లుడా, హీరో నాయిన పన్నెండో పేజీల సచ్చిపోయిండు. నలభయ్యో పేజీల చాయ్ తాగుతుండు. ఎట్ల?"

అది కొత్త రకం శిల్పమని జాకబ్ సర్దిచెప్పాడు. నేనూ తల ఊపాను గాని, ఆ రోజు మిర్చీలు నాకు సయించలేదు.

నా గతే అలా ఉంటే దీనా గతి చెప్పక్కర్లేదు. దీనా బడిలో టీచరు, మంచి కవయిత్రి. ఆమె ప్రతి కవితలోనూ వాళ్ల అమ్మమ్మ ఊరు మంగళగి ఉంటుంది. మంగళగి ఉంటే సముద్రపు గాలి వీచి తీరుతుంది. మా జిల్లా నుంచి సముద్రం చూడాలంటే ఎటు బయల్దేరినా రాత్రంతా బస్సులో కూర్చోవాలి. దీనా ఆ బస్సు ఎక్కిన మనిషి కూడా కాదు. మామ ప్రతి సభలోనూ లేచి ఒకటే మాట అడిగేవాడు.

"దీనమ్మా, మంగళగికి సముద్రం ఎక్కడికెల్లొచ్చింది బిడ్డా?"

ఆమె కళ్లనీళ్లు పెట్టుకునేది. మేమంతా చుట్టూ చేరి అద్భుతం, అద్భుతం అని ఓదార్చేవాళ్లం. ఈ మనిషికి గుండె స్థానంలో కందిబస్తా ఉందని చాటుగా అనుకునేవాళ్లం.

ఓదార్చిన మేమెంత గట్టివాళ్లమో నిరుడు తేలింది. దీనా కవిత ఒకదానికి బహుమతి వచ్చింది. వెంటనే మా జిల్లాలోనే దుబల్గుండి అనే ఊరి కవి భీమ్‌రావ్ వాట్సాప్ గ్రూపులో, ఊరి పేరు తప్ప అచ్చం అదే కవిత పెట్టి, ఇది తాను ఎప్పుడో రాసుకున్నదనీ, దీనా దొంగిలించిందనీ అన్నాడు. మాకు నోట మాట రాలేదు. వచ్చాక వచ్చిన మాట ఏమిటంటే, పొద్దున దీనా కవిత కింద "అద్భుతం" అన్న చేతులే సాయంత్రం భీమ్‌రావ్ కవిత కింద "అద్భుతం" అన్నాయి.

ఆ ఆదివారమే దీనా కొత్త పుస్తకం ఆవిష్కరణ. వక్తల్లో ఒకాయనకు జ్వరం వచ్చింది. ఇంకొకాయన మరదలికి ఉన్నట్టుండి పెళ్లి కుదిరింది. జాకబ్‌కు గొంతు పోయింది. తీరా చూస్తే చర్చి పక్క హాల్లో వెనక వరసలన్నీ వీళ్లతోనే నిండిపోయాయి. వేదిక ఎక్కరు గాని, ఏమవుతుందో చూడాలిగా. భీమ్‌రావ్ మొదటి వరసలోనే కూర్చున్నాడు.

వేదిక మీద ఖాళీ కుర్చీల మధ్య దీనా ఒక్కతే. దొంగ అన్న ఈ పేరు పోకపోతే ఇక కలం పట్టనని పొద్దున నాతో అంది. నేను ధైర్యంగా మైకు సరిచేస్తున్నట్టు నటిస్తూ వేదిక అంచున నిలబడ్డాను.

అంతలో మామ పుస్తకం చంకలో పెట్టుకుని నేరుగా వేదికెక్కాడు. దీనా ముఖం పాలిపోయింది. ఈ రోజు కూడానా అని నాకు ఒళ్లు మండింది.

"చదివిన," అన్నాడు మామ. హాలంతా సర్దుకుని కూర్చుంది. "భీమ్‌రావ్, నీ రెండు పుస్తకాలు గూడ చదివిన."

భీమ్‌రావ్ ఉలిక్కిపడ్డాడు. అలాంటిది జరుగుతుందని ఆయన కలలో కూడా అనుకోలేదు.

"రెండిట్ల అంత కరువే. ఒక్క సుక్క నీళ్లు లేవు. మరి గీ కవితల దుబల్గుండికి సముద్రం గాలి ఎక్కడికెల్లొచ్చిందయ్యా?"

జేబుల్లోంచి ఫోన్లు బయటికొచ్చాయి. అద్భుతమన్న కవితను మా వాళ్లు మొదటిసారి చదివారు. నిజమే, దుబల్గుండిలో సముద్రపు గాలి వీస్తోంది. ఊరి పేరు మార్చినాయన గాలిని మార్చడం మరిచిపోయాడు. దొంగ దొరికినందుకు ఎంత నివ్వెరపోయామో, మేము చదవలేదని బయటపడినందుకు అంతకు రెట్టింపు నివ్వెరపోయాం.

"గీ తప్పు మా దీనమ్మది. మొదటి పుస్తకం కాడికెల్లి చేస్తాంది, నేను మొత్తుకుంటనే ఉన్న. ఇంకెవ్వరు చెయ్యరు," అన్నాడు మామ గర్వంగా.

భీమ్‌రావ్‌కు బస్సు టైమైంది. ఆయన గడప దాటాడో లేదో ఒకాయనకు జ్వరం దిగింది, జాకబ్‌కు గొంతు వచ్చింది, శాలువాతో వేదిక మీదికి పరుగెత్తుకొచ్చాడు. దీనా ఆ శాలువా అందుకుని మామకు కప్పింది. మా అందరినీ నిజంగా చదివిన మనిషి ఈయనొక్కడేనని అప్పుడు తట్టి, నాకు ఆయన మీద పట్టరాని ప్రేమ కలిగింది.

"మామా, వచ్చే పుస్తకంల సముద్రం తీసేస్త," అంది దీనా.

మామ శాలువా భుజాల మీదికి లాక్కున్నాడు.

"వద్దు బిడ్డా, ఉండని. మల్ల ఎవలన్న ఎత్కపోతే దొరకవట్టనీకి కావాలె గద." కళ్లజోడు సవరించుకుని పుస్తకం తెరిచి మైకు దగ్గరికి జరిగాడు. "గని ఇరవయ్యో పేజీల మీ అమ్మమ్మ పడవెక్కి సంతకు పోయింది. గదైతే నేనొప్పుకోను."