మార్తమ్మ పెట్టిన కృతజ్ఞత కూటం

మండవల్లి దగ్గర కొల్లేటి గట్టున మా పేట. అక్కడ మోటారు సైకిలున్న మొనగాడు ఒక్కడే, కంట్రాక్టరు రాజరత్నం. మా చర్చి సంఘ పెద్ద కూడాను. గుడి ఆయన ఇంటికి పిలిస్తే పలికేంత దగ్గర. అయినా ఆదివారం బండెక్కే వచ్చేవాడు, అదీ ప్రసంగం మధ్యలో. అందరూ వెనక్కి తిరిగి చూడాలి కదా!

1936లో వానలకు ముందు ఆ బండి సీమోనును గుద్దింది. సీమోను తాటిదోనెలో జనాన్నీ గడ్డిమోపుల్నీ కొల్లేరు దాటించి బతికేవాడు. గట్టు మీద ఓ పక్కగా నడిచిపోతున్న మనిషికి తొడ ఎముక విరిగింది. రాజరత్నం గారికి చొక్కా మాసింది, పాపం.

పేట మగాళ్ళు సీమోనును మంచం మీద మోసుకెళ్ళి, బండి కట్టించి, ఏలూరులో డాక్టరుకు చూపించారు. ఖర్చు డెబ్బై రూపాయలైంది. రాజరత్నమే కట్టాడు. ఆహా, ఎంత ధర్మాత్ముడని పేటంతా పొగిడింది. గుద్దినవాడు కట్టక ఇంకెవడు కడతాడని అడగడానికి ఒక్కడికీ నోరు పెగల్లేదు. పైగా ఆ కట్టింది అప్పుగానట! సీమోను కర్రల మీద ఇంటికి చేరాడో లేదో, ఆ బాకీ కింద రాజరత్నం దోనె విప్పించి తన రేవులో కట్టేయించుకున్నాడు.

సీమోను భార్య మార్తమ్మ ఆయన గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది. నేనూ వెంట ఉన్నాను.

"అయ్యా, దోనె ఉంటే నేనే గెడ వేసి నడిపి మీ బాకీ తీరుస్తానండి. అది లేకపోతే మేమేం తింటామండి?"

"మీ ఆయన ప్రాణం నిలబెట్టాను. ముందు దానికి దేవుణ్ణి స్తుతించు. ఇంట్లో కృతజ్ఞత కూటం పెట్టు. నేనే వచ్చి జరిపిస్తాను," అన్నాడు. సిగ్గూ ఎగ్గూ లేని మనిషి!

మార్తమ్మ సరేనంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నీకేమైనా మతి పోయిందటే?" అని దారిలో చీవాట్లు పెట్టాను.

"రానీ వదినా. అందర్నీ రానీ," అంది.

అటుకులూ బెల్లమూ పెడతారని తెలిస్తే రానిదెవరు? పేటంతా దిగింది. రాజరత్నం ముందు కుర్చీలో కండువా సర్దుకుని కూర్చున్నాడు. సాక్ష్యం చెప్పేవాళ్ళు ఒక్కో మేలూ చెప్పి ఆగితే, వినేవాళ్ళు ఆమెన్ అనడం మా వాళ్ళ ఆనవాయితీ. విని అంటారనుకునేరు! అలవాటు కొద్దీ అంటారు.

మార్తమ్మ కొంగు నెత్తిన కప్పుకుని మెత్తగా మొదలుపెట్టింది.

"మా ఆయన్ని మోసుకెళ్ళిన అన్నదమ్ములకు వందనాలండి."

"ఆమెన్!"

"ఎముక కట్టిన డాక్టరు గారికి వందనాలండి."

"ఆమెన్!"

"పక్కగా పోతున్న మా ఆయన్ని బండితో గుద్దిన రాజరత్నం గారికి వందనాలండి."

"ఆమెన్!" అని పేటంతా ఒక్క గొంతుతో అరిచింది.

"ఆ ఖర్చు మా నెత్తినే అప్పుగా పెట్టినందుకు వందనాలండి."

"ఆమె..." సగంలో అందరూ నాలుక కరుచుకున్నారు.

"మా నోటి దగ్గర కూడు, ఆ దోనె, లాక్కుపోయినందుకు కూడా వందనాలండి."

ఈసారి ఒక్క గొంతే లేచింది, చెవిటి సారమ్మది. "ఆమెన్!"

రాజరత్నం మొహం మాడిపోయింది. ముగింపు ప్రార్థన కూడా చెయ్యకుండా లేచిపోయాడు. మర్నాడు పొద్దుటికి దోనె సీమోను రేవులో ఉంది. బాకీ ఊసు మళ్ళీ ఎత్తలేదు.

సిగ్గుపడ్డాడనుకుంటున్నారా? భలేవారే! ఆ వచ్చే ఆదివారం గుడిలో లేచి, ఒక బీద కుటుంబానికి దోనె దానం చేసే మనసు దేవుడు తనకిచ్చాడని సాక్ష్యం చెప్పుకున్నాడు. మా వెర్రి జనం కప్పు ఎగిరేలా ఆమెన్ కొట్టారు.

మార్తమ్మ గుడికి రాలేదు. కొల్లేట్లో గెడ వేస్తోంది. సీమోను దోనెలో కాలు చాపుకుని కూర్చున్నాడు. ఆ కాలు మళ్ళీ వంగలేదు. బతికినన్నాళ్ళూ గెడ ఆవిడే వేసింది.